ఆపాలంటే పాదం

మా ఊళ్ళో కొత్తగా పెట్టిన జిమ్ములో వారానికి మూడు సాయంత్రాలు నాకో కుర్చీ వేస్తారు. కరాటే నేర్పడానికి కాదు, నా మోకాళ్ళు అందుకు ఎప్పుడో రాజీనామా ఇచ్చాయి. గోడ మీద పటానికి బదులు కుర్చీలో మనిషి ఉంటే బాగుంటుందని. అక్కడికొచ్చే కుర్రాళ్ళు ఫోన్లలో వీడియోలు చూసుకొచ్చి నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "మాస్టారూ, తన్నేటప్పుడు పాదంతో తన్నాలా, షిన్‌తో తన్నాలా?"

షిన్ అంటే మోకాలి కింద, కాలికి ముందువైపు తగిలే పొడుగాటి ఎముక. చీకట్లో మంచం కోడుకి కొట్టుకుంటే దేవుణ్ణీ, వడ్రంగినీ కలిపి తలుచుకునేది దానివల్లే.

జవాబు రెండు ముక్కల్లో చెప్పెయ్యొచ్చు. పాదం దూరం అందుతుంది, వేగంగా పోతుంది. కానీ అందులో ఉన్నవన్నీ చీపురుపుల్లల్లాంటి ఎముకలు. ఎదుటివాడి మోచెయ్యో మోకాలో అడ్డొస్తే విరిగేది మనవే. షిన్‌తో తన్నాలంటే బాగా దగ్గరికి వెళ్ళాలి. కానీ అది దుంగ. తొడ మీద సరిగ్గా పడితే అవతలివాడు ఆ పూటకి కాలు మోపలేడు. అంతే సంగతి. ఈ రెండు ముక్కలూ నేను ఖతార్‌లో పదకొండేళ్ళు చెప్పాను. చాలా బాగా చెప్పేవాణ్ణని పేరు కూడా ఉండేది. దానివల్ల ఒకాయన మోకాలు పోయింది, ఇంకొకాయన ఉద్యోగం పోయింది. అందుకని ఇప్పుడు ఎవరైనా అడిగితే రెండు ముక్కల్లో చెప్పను. మొత్తం చెబుతాను. వినే ఓపిక లేనివాళ్ళు వీడియో చూసుకోవచ్చు.

మన భాషలో 'తన్ను' అనే మాటకి రెండు పనులున్నాయి. మొదటి తన్నుతో నేను చాలాకాలం బతికాను. తన్ను తాను చూసుకోవడం అనే రెండోది ఆలస్యంగా వచ్చింది. వచ్చిన దారి బాగాలేదు.

నేను దోహా వెళ్ళింది ఒక సెక్యూరిటీ కంపెనీలో గార్డులకి శిక్షణ ఇచ్చే ఉద్యోగానికి. అల్ సద్‌లో కంపెనీ ఆఫీసు, అదే పేటలో నలుగురం కలిసి ఉండే నా గది. గార్డులు ఉండేది ఊరవతల క్యాంపులో. వాళ్ళలో సగానికి పైగా మన తెలుగువాళ్ళే, ముఖ్యంగా నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి వచ్చినవాళ్ళు. కంపెనీ ఇచ్చిన సిలబస్ పలచటి పుస్తకం. మర్యాదగా మాట్లాడటం, ఒక అడుగు వెనక్కి వేయడం, వాకీటాకీలో పిలవడం, మరీ తప్పకపోతే భుజం పట్టుకుని పక్కకి నడిపించడం. అంతవరకే. తన్నడం అన్న మాటే అందులో లేదు.

నాకేమో కరాటేలో నల్ల బెల్టు ఉంది. దాన్ని కట్టుకోవాల్సిన నడుము ఎప్పుడో కనపడకుండా పోయినా బెల్టు మాత్రం ఉంది. ఒక అడుగు వెనక్కి వేయడం నేర్పడానికి నల్ల బెల్టు ఎందుకండీ? అందుకని శుక్రవారం పొద్దున్న, సెలవు రోజున, క్యాంపు భోజనాల హాల్లో బల్లలు గోడకి జరిపి, నీలం రంగు స్పాంజి చాపలు పరిచి, ఇష్టమున్నవాళ్ళకి విడిగా క్లాసు పెట్టాను. ఎవరూ పెట్టమనలేదు. ఎవరూ వద్దనలేదు. మేనేజర్‌కి తెలుసు. ఒకసారి వచ్చి చూసి, ఫోటో తీసుకుని, కంపెనీ క్యాలెండర్లో వేయించాడు కూడా.

షిన్ అన్న మాట మావాళ్ళ నోట్లో నిలిచేది కాదు. ఒక రోజు ఎముకని చూపించి, "దీన్ని మీ వైపు ఏమంటారు?" అన్నాను.

"మటన్ల గిదే అయితే నల్లిబొక్క అంటం మాస్టర్," అన్నాడు ఒకడు. హాలంతా నవ్వింది. ఆ రోజునుంచీ షిన్ పోయి నల్లిబొక్క స్థిరపడింది. నాకు మాటల సరదా ఎక్కువ కదా, వెంటనే ఒక సూత్రం కట్టాను: 'ఆపాలంటే పాదం, ఆగకపోతే నల్లిబొక్క.' మనిషిని ఊరికే నిలవరించాలంటే పాదంతో తొడ మీద చరచండి, చుర్రుమంటుంది, వెనక్కి తగ్గుతాడు. ప్రాణం మీదికొస్తే మాత్రం దగ్గరికెళ్ళి ఎముకతో కొట్టండి. క్లాసు మొదట్లో ఒకసారి, ఆఖర్లో ఒకసారి అందరిచేతా అనిపించేవాణ్ణి. ఇరవైమంది గొంతులతో అది వింటుంటే నేనేదో గ్రంథం రాసినట్టు ఉండేది.

హాల్లోకి చెప్పులూ బూట్లూ నిషిద్ధం. నాకు నేర్పిన గురువు అలాగే నేర్పాడు. సాధన చేసే చోటు గుడితో సమానం అనేవాడు. పైగా చాపలు పాడైతే కంపెనీ మళ్ళీ కొనదు. అంచేత అందరూ గుమ్మం దగ్గర విడిచి, వంగి నేలకి దణ్ణం పెట్టుకుని, ఉత్త కాళ్ళతో లోపలికొచ్చేవాళ్ళు.

ఇప్పుడు మీకు చెప్పాల్సిన మనిషి దగ్గరికొస్తాను. ఆర్మూర్ పక్కన పల్లె అతనిది. ముప్పై నాలుగో ముప్పై అయిదో ఉంటాయి. టైల్స్ పనికని వచ్చి, ఆ కంపెనీ మూతపడితే మా దగ్గర గార్డుగా చేరాడు. అంత పెద్ద మనిషి, చేతులు చాచితే తలుపంత ఉంటాడు, కానీ ఎదుటివాణ్ణి కొట్టమంటే ప్రాణం పోయేది. రబ్బరు దిండు పట్టుకుని నిలబడ్డవాణ్ణి తన్నే ముందు, "జర కాసుకో అన్నా," అని హెచ్చరించేవాడు. తన్నాక, "గట్టిగ తాకిందా?" అని అడిగేవాడు.

"ఒరే నాయనా, తగలడానికే తన్నేది," అనేవాణ్ణి.

"మీకేంది మాస్టర్, దిండు మీరు వట్టుకుంటలేరు గద."

నల్లిబొక్కతో తన్నమంటే ఎన్నిసార్లు చెప్పినా పాదమే వేసేవాడు. "వద్దు మాస్టర్. గీ బొక్కతోని కొడితే మనిషి లేస్తడా మల్ల? నాకు పాదమే మంచిగున్నది."

"నీకు మంచిగున్నది సరే, అవతలివాడికి కూడా మంచిగానే ఉంటుంది అలా తంతే," అని ఎగతాళి చేసేవాణ్ణి. ఇరవైమందీ నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు.

నేను వెళ్ళిన తొమ్మిదేళ్ళదాకా మా గార్డులు మాల్స్‌లో, ఆఫీసుల్లో, ఐన్ ఖాలిద్ వైపు విల్లా కాంపౌండ్లలో ఉండేవాళ్ళు. కాళ్ళకి మామూలు నల్ల షూస్. తర్వాత కంపెనీకి నిర్మాణం పనులు జరిగే చోట్ల కాంట్రాక్టులు వచ్చాయి. సైట్లోకి అడుగు పెట్టాలంటే గార్డయినా సరే సేఫ్టీ బూట్లు వేసుకోవాలి. వాటి ముందు భాగంలో, వేళ్ళ మీద, లోపల ఇనప టోపీ ఉంటుంది. పైనుంచి ఏది పడ్డా వేళ్ళు చితక్కుండా.

ఆ బూట్లు నాకు తెలియనివి కావు. శుక్రవారం శుక్రవారం గుమ్మం దగ్గర వరసగా ఉండేవి. ఒకసారి హడావిడిగా లోపలికి వస్తూ, ఉత్త కాలితో ఆ బూట్లలో ఒకదానికి కొట్టుకున్నాను. బొటనవేలి గోరు లేచిపోయింది. కుంటుకుంటూ లోపలికి వెళ్ళి, "మీ బూట్లు నన్ను తన్నాయిరా" అని జోకేసి, వేలికి గుడ్డ చుట్టుకుని, ఆ రోజు కూడా పాదం ఎంత మెత్తనిదో, ఎందుకు మెత్తనిదో అరగంట చెప్పాను. ఈ సంగతి ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా నాకే నమ్మకం కలగదు.

ఇంకో సంగతి కూడా ఉంది. మా దగ్గర నిప్పు, పొగ వస్తే ఏంచేయాలో నేర్పే ట్రైనర్ ఒకాయన ఉండేవాడు. కేరళవాడు, సైన్యంలో చేసి వచ్చాడు. ముక్తసరి మనిషి. ఒక శుక్రవారం గుమ్మంలో నిలబడి మా క్లాసు చూసి హిందీలో అన్నాడు: "వీళ్ళు డ్యూటీలో ఉత్త కాళ్ళతో ఉంటారా?"

"ఉండరు."

"మరి బూట్లతో నేర్పవేం? మా పటాలంలో ఏది నేర్చుకున్నా బూట్లతోనే నేర్చుకున్నాం."

"చాపలు చిరుగుతాయి సాబ్," అన్నాను. ఆయన చాపల వంకా నా వంకా చూసి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. వెనకాల నేను మావాళ్ళతో, "పటాలం కాదు, ఇది పాదాలం" అన్నాను. దానికీ నవ్వారు. నవ్వేవాళ్ళు దొరకడం నా దురదృష్టం.

దుఖాన్ వెళ్ళే రోడ్డులో ఒక పెద్ద సైట్ గేటు దగ్గర అతనికి డ్యూటీ పడింది. మొదట్లో నేను ఆ పేరు విని దుకాణం అనుకున్నాను. అరబ్బీలో పొగ అని తర్వాత ఎవరో చెప్పారు. ఆ పేరులో మన దుఃఖం ముప్పాతిక దాకా ఉందని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

ఒక గురువారం, సాయంత్రం పని దిగే వేళ. కార్మికులు వరసలో వచ్చి, కార్డు మిషన్ మీద పెట్టి, బయట బస్సులెక్కుతున్నారు. జగిత్యాల దగ్గర ఊరాయన ఒకాయన, కాంక్రీటుకి చెక్క అచ్చులు బిగించే షట్టరింగ్ కార్పెంటర్, కార్డు లోపల మర్చిపోయి వచ్చాడు. కార్డు లేకుండా వదిలితే గార్డు మీద రాస్తారు. వెనక్కి వెళ్ళి తెచ్చుకుంటే బస్సు పోతుంది. ఇంకో బస్సుకి గంటంపావు. పొద్దున నాలుగింటికి లేచిన మనిషి, ఆగస్టు ఎండ. మాటా మాటా పెరిగింది. ఇద్దరూ తెలుగువాళ్ళే కావడంతో ఇంకా తొందరగా పెరిగింది. వేరే భాషవాడైతే 'మాఫీ మాఫీ', అంటే లేదు లేదు, అని చేతులూపి ఊరుకునేవాడు. సొంత భాషలో తిట్టుకుంటే ఎక్కడ తగలాలో అక్కడ తగులుతుంది.

పక్కనున్న రెండో గార్డు వెనకాల బండ్ల గేటుకి వెళ్ళాడు. కార్పెంటరాయన నెట్టాడు. మావాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. "అన్నా, ఆగే" అన్నాడు. వాకీటాకీలో పిలిచాడు. ఆయన తల మీది హెల్మెట్ తీసి ఎత్తాడు. మావాడు మళ్ళీ, "అన్నా, ఆగే నీ కాళ్ళు మొక్కుత," అన్నాడు. సిలబస్ అక్కడితో అయిపోయింది. ఆ తర్వాతది నా శుక్రవారం క్లాసు.

పాదంతో తన్నాడు. ఆయన ముందుకి ఒరగడంతో తొడ మీద పడాల్సింది మోకాలి మీద పడింది. ఉత్త పాదం అయితే ఇద్దరూ కాళ్ళు పట్టుకుని కూర్చుని, కాసేపటికి లేచి, ఒకరినొకరు తిట్టుకుంటూ పోయేవాళ్ళు. ఆయన లేవలేదు. చప్పుడు బస్సులో ఉన్నవాళ్ళకి కూడా వినపడిందట. మావాడు నేలమీద కూలబడి, ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, అంబులెన్స్‌కి తానే ఫోన్ చేసి, ఎవరు కొట్టారని అడిగితే తన పేరూ, తన నంబరూ తానే చెప్పాడు.

ఆదివారం పొద్దున మేనేజర్ నన్ను పిలిచాడు. ఆయనది హైదరాబాద్ పాతబస్తీ. మంచివాడే. అంటే ఎవరి పనీ తన మీదికి రాకుండా చూసుకునేంత మంచివాడు. బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో ఒక బూటు ఉంది. ఒకటే.

"ఫోటోలు తీసి పోలీసులకు పంపాలె. గందుకే తెప్పిచ్చిన," అన్నాడు. "మోకాలు చిప్ప మూడు తునకలయింది మాస్టర్. డాక్టర్ ఏమంటున్నడంటే, ఆపరేషన్ చేసినా నిచ్చెన ఎక్కే పని ఇగ మర్చిపోవాలె అంట."

నేను సంచి మీదనుంచే బూటు ముందు భాగం నొక్కి చూశాను. లొంగలేదు. అప్పుడు తట్టింది. నేను మెత్తనిదని నేర్పింది పాదాన్ని. అతను తన్నింది ఇనుముతో. నల్లిబొక్కతో కొట్టినా ఇంత జరిగేది కాదు, దాని మీద ప్యాంటు గుడ్డ తప్ప ఏమీ లేదు. అతను రెండింట్లో ఏది తక్కువ దెబ్బో ఆలోచించి, జాలిపడి, ఎంచుకుని మరీ తన్నాడు. నేను పదకొండేళ్ళు చెప్పింది బూటు వేసుకోగానే తలకిందులైపోతుందని ఇరవైమందిలో ఎవరికీ తట్టలేదు. తట్టాల్సింది వాళ్ళకి కాదు.

"ఒక్క లైన్ రాసియ్యి," అన్నాడు మేనేజర్, కాగితం నా వైపు జరిపి. "మన ట్రైనింగ్ సిలబస్ల కిక్ ఉన్నదా?"

"లేదు. కానీ నేను శుక్రవారాలు..."

"సిలబస్ల ఉన్నదా లేదా?"

"లేదు."

"గదే రాయి. ఆళ్ళు అడిగింది సిలబస్ గురించి. నీ జీవితచరిత్ర అడగలే."

"అతను నేను నేర్పినట్టే చేశాడండీ. కోపంతో తన్నలేదు."

మేనేజర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "సోంచాయించుకో. నువ్వు నేర్పినవని రాస్తే నీ పేరొస్తది. కంపెనీ పేరొస్తది. క్యాలెండర్ల ఫోటో సుత ఉన్నది. ఆనికి ఎట్లా కేసు ఉన్నది. ఒక్కడు పోయేకాడికి ముగ్గురం పోవుడెందుకు?"

'మా సంస్థ శిక్షణలో కాలితో కొట్టడం ఏ దశలోనూ భాగం కాదు' అని రాసి సంతకం పెట్టాను. చదివి చూసుకున్నాను. ఒక్క అబద్ధం లేదు. నా జీవితంలో అంత శుద్ధమైన వాక్యం మరొకటి రాయలేదు. దాని అర్థం మాత్రం ఒకటే: వీడు సొంతంగా, కసితో తన్నాడు.

ఎందుకు రాశానని మీరడుగుతారు. నాకు భయమేసింది. ఇంతకంటే పెద్ద కారణం ఉంటుందేమోనని చాలాకాలం వెతికాను. దొరకలేదు.

మంగళవారం ఆస్పత్రికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో అప్పుడు తెలియదు. చూసొస్తే బరువు తగ్గుతుందనుకున్నానేమో. కార్పెంటరాయనకి నలభై దాటాయి, మనిషి బక్కపలచన. కాలు బద్దలు కట్టి దిండ్ల మీద ఎత్తి పెట్టారు. నేను గార్డుల మాస్టర్నని చెప్పగానే, పక్కనున్న కుర్చీ చూపించాడు. ఫోన్లో భార్యతో మాట్లాడుతున్నాడు. ఆవిడ గొంతు నాకూ వినపడుతోంది. "దుబాయ్ దవాఖానల మంచిగ జూస్తున్నరా? అన్నం పెడుతున్నరా?" ఇది ఖతార్ అని ఆయన దిద్దలేదు. "పెడుతున్నరు, నువ్వు ఏడ్వకు," అని పెట్టేశాడు.

తర్వాత నాతో అన్నాడు. "నాదీ తప్పున్నది సార్. హెల్మెట్ ఎత్తిన, కాదనను. కని గంత కసి ఏందన్నట్టు? ఆని మొకం చూస్తే గట్ల కొడుతడని అనుకోలే. రెండుమాట్ల అన్నా అన్నడు, అన్నా అనుకుంటనే బొక్కలు ఇరగ్గొట్టిండు. గసొంటోణ్ణి ఇడిచిపెట్టద్దు."

ఈయన ఆ మాట మీద నిలబడితే కేసు ఒక దారిన పోతుంది, నాకు ఫిర్యాదు లేదంటే ఇంకో దారిన పోతుంది అని మేనేజరే చెప్పాడు. అంటే నేను ఆ కుర్చీలో కూర్చుని రెండు మాటలు చెబితే చాలు. కసి కాదు. బూటు. నోటిదాకా వచ్చాయి. "విశ్రాంతి తీసుకోండి," అన్నాను. పైగా, "త్వరలోనే నడుస్తారు," అని కూడా అన్నాను.

కేసు తేలేదాకా మావాణ్ణి డ్యూటీలోంచి తీసేసి క్యాంపులోనే ఉండమన్నారు. నేను అటువైపు వెళ్ళడం మానేశాను. శుక్రవారం క్లాసు మేనేజర్ ఎలాగూ ఆపించాడు. కానీ ఆ తర్వాతి మంగళవారం చాపలు లెక్కపెట్టి స్టోర్లో అప్పగించాల్సి వచ్చింది. మధ్యాహ్నం, హాల్లో ఎవరూ ఉండరనుకుని వెళ్ళాను. అతను ఉన్నాడు. గోడకి చెయ్యి ఆనించి, కుడికాలు మెల్లగా ఎత్తుతున్నాడు, దించుతున్నాడు.

నన్ను చూసి కాలు దించేశాడు. "నమస్తే మాస్టర్. కూసోన్రి." హాలు తనదైనట్టు, అతిథిని నేనైనట్టు.

చాపలు చుడుతుంటే వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. అలా పట్టుకునే అడిగాడు.

"ఒక్కటి అడుగుత, ఏమనుకోవద్దు. నేను పాదంతోనే కొట్టిన మాస్టర్. నల్లిబొక్క వాడలే. దేవుని తోడు. మరి గదెట్ల పలిగింది?"

నేను చాప చుడుతూనే ఉన్నాను.

"దినాం గోడకు నిలవడి జూస్తున్న. ఎంత జోరుగ కొట్టినా గంత రాదు. మరి నాకు ఎరుక లేకుండ లోపట కోపం ఉండెనా? ఆయన మా అమ్మను తిట్టిండు ఆ దినం. తిడితే నాకేమనిపియ్యలే అనుకున్న. అనిపిచ్చింది గావచ్చు. నేను మంచోణ్ణనుకుంటి ఇన్నొద్దులు. కాదు గావచ్చు."

పన్నెండు రోజులుగా ఆ మనిషి తన లోపల లేని కోపాన్ని వెతుక్కుంటున్నాడు. జైలు గురించి అడగలేదు, వీసా గురించి అడగలేదు.

"కోపం కాదు," అన్నాను. "బూటు."

చెప్పాను. ఇనప టోపీ సంగతి, మేం ఉత్త కాళ్ళతో నేర్చుకోవడం, బూటు తొడిగితే పాదం నల్లిబొక్క కంటే గట్టిదైపోవడం. రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ అతను నా మొహం వంకే చూశాడు. తర్వాత చాప మీద కూర్చుండిపోయాడు. ఏడుస్తాడనుకున్నాను. పెద్దగా ఊపిరి వదిలాడు, అంతే.

"గంతేనా?" అన్నాడు. "నేను గాదా?"

"నువ్వు కాదు. నేను నేర్పడంలో తప్పు."

తలాడించాడు. నిష్ఠూరమేమీ లేకుండా, నిజంగా తెలుసుకుందామని అడిగాడు. "మరి గీ మాట మీరు కాగితంల రాసిన్రా?"

నేను చుట్టిన చాప అంచులు సర్దాను.

"దవాఖానల ఆ అన్నకు జెప్పిన్రా?"

అతను లేచి మిగిలిన చాపలు తానే చుట్టి, తాళ్ళు కట్టి, స్టోర్ దాకా మోసుకొచ్చి పెట్టాడు.

తర్వాత జరిగినవాటిలో చిన్నవి ముందు చెప్పేస్తాను. ఆ మధ్యాహ్నమే అల్ సద్ ఆఫీసుకి పోయి రెండో కాగితం రాశాను. శుక్రవారం క్లాసు, సూత్రం, చాపలు, కేరళ ట్రైనర్ హెచ్చరించడం, నేను వినకపోవడం, అన్నీ. పేజీన్నర వచ్చింది. మేనేజర్ చదివి, "నీ జీవితచరిత్ర అడగలేదంటి గద," అన్నాడు. కోపంగా కాదు, అలసటగా. నేను కదలకుండా నిలబడితే ఫైల్లో పెట్టాడు. రెండు నెలల తర్వాత నా కాంట్రాక్టు పొడిగించలేదు. వయసయిందన్నారు. నిజమే, వయసైతే అయింది. కేరళాయన మాత్రం నేను వచ్చేసే రోజు గది దాకా వచ్చి, నా పెట్టె తానే కిందికి దించి, ఒక్క మాట కూడా అనకుండా చెయ్యి కలిపాడు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది. మావాడికి జైలు పడలేదు. కానీ ఆ కంపెనీ అతన్ని ఉంచుకోలేదు. ఇంటికి పంపేసింది. ఇప్పుడు ఆర్మూర్‌లో టైల్స్ వేస్తున్నాడని విన్నాను. ఫోన్ నంబరు సంపాదించాను. మోగింది, ఎత్తాడు, నా గొంతు విని, "మంచిగున్న మాస్టర్, మీరు మంచిగున్నరా?" అన్నాడు. అంతకుమించి ఇద్దరికీ ఏమీ దొరకలేదు.

మిగిలింది ఆ సాయంత్రం. ఆఫీసునుంచి తిన్నగా ఆస్పత్రికి వెళ్ళాను. కార్పెంటరాయన నన్ను గుర్తుపట్టి మళ్ళీ అదే కుర్చీ చూపించాడు. కూర్చోలేదు. నిలబడే చెప్పాను, మొదటినుంచీ. ఆయన విన్నాడు. మొత్తం అయ్యాక అన్నాడు.

"మరి మొన్న మీరొచ్చి కూసున్నప్పుడు గిది ఎరికేనా మీకు?"

"ఎరికే."

"పన్నెండు దినాలాయె ఆ పిలగాణ్ణి తిట్టవట్టి. మా ఇంటామెతోని సుత తిట్టిపిచ్చిన. ఆమె ఆని అమ్మను శపించింది ఫోన్ల." కిటికీ వైపు చూశాడు. "ఆనిది కోపం గాదంటున్నరు. సరే. మీరు మొన్న నోరు తెరవకపోవుడు ఏంది మరి?"

"భయం," అన్నాను.

ఆయన తిట్టలేదు. నర్సుని పిలిచి, కంపెనీ మనిషి వస్తే కాగితం తెమ్మనమని, గార్డు మీద తనకి ఫిర్యాదు లేదని, వచ్చీరాని హిందీలో రెండుసార్లు చెప్పాడు. ఆమెకి అర్థమైందో లేదోనని నన్ను మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. ఇక వెళ్ళమంటాడని ఎదురుచూశాను.

"కాలు దిండు మీదికెల్లి జారింది," అన్నాడు. "జర సర్దుతరా?"

పదకొండేళ్ళు కాళ్ళ గురించే మాట్లాడాను. ఎక్కడ పట్టాలో తెలియలేదు. మడమ కింద ఒక చెయ్యి, తొడ కింద ఒక చెయ్యి పెట్టి ఎత్తాను. అంత బక్క మనిషి కాలు అంత బరువుంటుందనుకోలేదు. ఆయన మంచం అంచు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"మెల్లగ," అన్నాడు. "ఇంకా మెల్లగ."